ఎర్ర చీటీ తగిలించిన కంప్యూటరు

ఈ మధ్య మా ప్లాంటు ట్రైనింగు హాల్లో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మాటలు చెప్పమని పిలిచారు. ఉద్యోగం గురించి చెప్పమంటే మావాళ్ళు ఎక్కిన మెట్లూ, కప్పించుకున్న శాలువాలూ ఏకరువు పెడతారు. నా శాలువాలు బీరువాలో పురుగు పట్టకుండా భద్రంగా ఉన్నాయి. అంతకు మించి వాటి గురించి చెప్పడానికేమీ లేదు. ఆ రోజు నేను పిల్లలకు ఒక పాత కంప్యూటరు కథ మొదలుపెట్టాను. సగంలో ఉండగానే కింద బస్సు హారన్ కొట్టింది, అందరి కళ్ళూ కిటికీ వైపు తిరిగాయి. నేనూ ఆ వయసులో అంతే కాబట్టి వదిలేశాను. ఆ మిగతా సగంతో కలిపి మొత్తం ఇదిగో.

నేను రాయచూరు పట్నంలో పుట్టి పెరిగినదాన్ని. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడ, బజారులో ఉర్దూ. ఈ మూడూ రావడం వల్ల ఉద్యోగంలో నాకు పెద్ద లాభమే జరిగింది. ఎవరు ఏ భాషలో తిట్టినా అర్థమయ్యేది. థర్మల్ ప్లాంటులో బొగ్గు విభాగంలో ట్రైనీగా చేరి, కంప్యూటర్ సెక్షన్‌లో రిటైరయ్యాను. మధ్యలో చేసిన పనులన్నీ ఎవరైనా చేసేవే. నేను మాత్రమే చేయగలిగిన తప్పులు రెండున్నాయి. వాటి గురించే ఇదంతా.

మొదటి తప్పు

ప్లాంటులో ఎర్ర చీటీ అంటే ఏమిటో ముందు చెప్పాలి. ఒక మనిషి ఏ యంత్రంలోకైనా దిగి పని చేసేటప్పుడు, ఆ యంత్రం స్విచ్చికి ఒక ఎర్ర అట్ట కడతాడు. దాని మీద తన పేరు, తేదీ, పని రాస్తాడు. ఆ చీటీ ఉన్నంతసేపు స్విచ్చి ఎవరూ ముట్టకూడదు. దాన్ని తీయాల్సింది కూడా కట్టిన మనిషే. చీఫ్ ఇంజనీరు వచ్చినా సరే తీయడానికి లేదు.

నేను చేరిన కొత్తల్లో హనుమంతు అనే మెకానిక్ ఉండేవాడు. కల్లూరు మనిషి. బక్కపలచగా ఉండి ఎంత ఇరుకులోకైనా దూరేవాడు. ఒక ఉదయం బెల్టు పక్కనున్న ఇనుప గొట్టంలోకి, అంటే బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదకు జారే గొట్టంలోకి, రేకు బిగించడానికి దిగాడు. దిగే ముందు ప్యానెల్‌కు చీటీ కట్టాడు. నేను కాసేపటికి క్యాంటీన్ నుంచి వచ్చి, ఆ ప్యానెల్ దగ్గర కూర్చుని రీడింగులు రాస్తున్నాను.

ఇంతలో పైనుంచి ఫోను మీద ఫోను. బాయిలరు తొట్టిలో బొగ్గు అడుగంటుతోంది, బెల్టు వెంటనే నడపాలని. ఒక చిన్న ఇంజనీరు పరుగెత్తుకొచ్చి, "ఈ చీటీ ఎవరిది? మనిషేడి?" అని కేకలేశాడు. నేను తల ఎత్తి, ఎంతో ధీమాగా చెప్పాను. "హనుమంతు సార్. ఇప్పుడే క్యాంటీన్ దగ్గర కనిపించిండు. చాయ్ తాగుతుండు."

నేను చూసింది హనుమంతును కాదు. బొగ్గు విభాగంలో నెత్తి నుంచి కాలిదాకా నల్లబడ్డాక అందరూ ఒకేలా ఉంటారు. ఒక బక్క మనిషిని దూరం నుంచి చూశాను, అంతే. చీటీ తీయడం మరిచిపోయి చాయ్‌కి వెళ్ళి ఉంటాడని ఇంజనీరు కూడా నమ్మాడు. చెయ్యి చీటీ మీదకు పోయింది.

మా షిఫ్టు ఇంచార్జి సుబ్బారావుగారు కుర్చీలోంచి లేవకుండానే అన్నారు. "చీటీ ఉంది కదండీ. ఆ రాసినోడే వచ్చి తియ్యాలి."

"అమ్మాయి చూశానంటోంది కదా సార్!"

"చూసింది చెబుతుంది. చీటీ తియ్యమని చెప్పదు కదా. క్యాంటీన్‌కి మనిషిని పంపించండి. వాణ్ణే రమ్మనండి."

బొగ్గు చాలక యూనిట్ లోడు, అంటే కరెంటు ఉత్పత్తి, తగ్గించాల్సి వచ్చింది. ఫోనులో పెద్దలు ఆయన్ను వినలేని మాటలన్నీ అన్నారు. ఆయన అన్నీ విని, ఫోను పెట్టేసి, వక్కపొడి నోట్లో వేసుకున్నారు. ఇరవై నిమిషాల తరువాత గొట్టం మూతలోంచి ఒక నల్లటి తల బయటికి వచ్చింది. హనుమంతు మా అందరి మొహాలూ చూసి నవ్వాడు.

"ఏంది సార్, గిట్ల చూస్తున్నరు? పని అయిపోయింది."

సుబ్బారావుగారు నన్నేమీ అనలేదు. సాయంత్రం బస్సెక్కబోతుంటే మాత్రం, "అమ్మా శారదా, కళ్ళతో చూసింది వేరు, అనుకున్నది వేరు. రెండూ కలిపి చెప్పకు," అన్నారు. ఆయనది వేరే ప్రాంతం నుంచి వచ్చి, ఇక్కడి కాలవ కింద పొలాలు కొనుక్కున్న కుటుంబం. ఆ మాట యాసతో సహా నాకు గుర్తుంది. హనుమంతు బతికి బయటికి వచ్చినందుకు ఆయనకు చేతులెత్తి దండం పెట్టాలనిపించింది. సిగ్గుతో పెట్టలేదు. ఇప్పుడు పెడుతున్నాను.

నా సైటు

తరువాత నేను కంప్యూటర్లలోకి మారాను. కాలనీకి ఇంటర్నెట్ ఫోను తీగల మీద కీచుమంటూ వచ్చిన రోజులవి. మా మీటింగుల్లో భద్రత గురించి చెప్పే పాఠాలు వింటే కునుకు రావడం ఖాయం. అలా కాకుండా, ప్రమాదం అంచుదాకా వెళ్ళి వచ్చినవాళ్ళతోనే చెప్పిస్తే? ఒక చిన్న టేపురికార్డరు పట్టుకుని ఫిట్టర్ల దగ్గరికీ, వెల్డర్ల దగ్గరికీ తిరిగాను. వాళ్ళు చెప్పింది వాళ్ళ గొంతులోనే, వాళ్ళ మాటలోనే, నా సొంత వెబ్‌సైటులో పెట్టాను. తెలుగు, కన్నడం, ఉర్దూ, ఏది వస్తే అది. నలభై ఒక్క మంది గొంతులు పోగయ్యాయి. ఎవరూ నన్ను చేయమనలేదు, ఎవరూ వద్దనలేదు. ఉద్యోగంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే.

హనుమంతు కూడా చెప్పాడు. నాలుగు నిమిషాలు. ఆ తరువాత రెండేళ్ళకే కామెర్లతో పోయాడు. అతని భార్య నర్సమ్మకు మా ట్రైనింగు హాలు ఊడ్చే పని దొరికింది, కాంట్రాక్టు కింద. ప్రతి సోమవారం ఊడ్చడం అయ్యాక నా గదికి వచ్చి, చీపురు తలుపు బయట ఆనించి, "మేడం, ఒక్కపారి పెట్టండి," అనేది. నేను ఆ పేజీ తెరిచేదాన్ని. కుర్చీలో కూర్చోమంటే కూర్చునేది కాదు. నిలబడే వినేది. ఫోటోలు రెండున్నాయి వాళ్ళింట్లో. గొంతు మాత్రం ప్రపంచంలో ఇదొక్క చోటే ఉంది.

ఒక్క చోటే అని ఎందుకన్నానంటే, క్యాసెట్లు నా దగ్గర రెండే ఉండేవి. ఒకరిది కంప్యూటరులోకి ఎక్కించాక దాని మీదే ఇంకొకరిది రికార్డు చేసేదాన్ని. ఇది కూడా తప్పే. కాని ఆ రోజుల్లో అందరం చేసిన తప్పు కాబట్టి నా లెక్కలో వేసుకోవడం లేదు.

రెండో తప్పు

సైటు ఎక్కడో హైదరాబాదులో ఒక చిన్న కంపెనీ వాళ్ళ కంప్యూటరులో ఉండేది. అది వాళ్ళ ఇల్లు, మనం అద్దెకున్నాం, ఇంకో కాపీ మన దగ్గర ఉండాలి అన్న బుద్ధి నాకుంది. ఆఫీసు పారేసిన కంప్యూటరు ఒకటి అడిగి తీసుకుని, ట్రైనింగు హాలు వెనక స్టోరు గదిలో పెట్టాను. ప్రతి శనివారం సైటులోని పేజీలూ, గొంతులూ, ఎవరి గొంతు ఎవరిదో చెప్పే పేర్ల పట్టికా అన్నీ దానిలోకి దించేదాన్ని. ట్రైనింగు వాళ్ళ పాఠాల ఫైళ్ళు కూడా దయతలచి అందులోనే దాచాను.

దాంతో ఒకటే చిక్కు. ఆ గదికి ఎవరు వచ్చినా దాని ప్లగ్గు పీకి ఫోను చార్జింగు పెట్టుకునేవారు. కాపీ సగంలో ఆగిపోయేది. నోటితో చెప్పాను, కాగితం అంటించాను, నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఎవరికీ పట్టలేదు. చివరికి ఒక శనివారం విసిగిపోయి, బొగ్గు విభాగం నుంచి ఒక ఎర్ర చీటీ తెచ్చి దాని ప్లగ్గుకు కట్టాను. పేరు శారద. పని: కాపీ జరుగుతోంది. ముట్టరాదు.

ఆ రోజు నుంచి ఈగ కూడా వాలలేదు. నా తెలివికి నేనే మురిసిపోయాను.

ఎర్ర చీటీ ఒక పనికి, ఒక షిఫ్టుకు. పని అయ్యాక తీసెయ్యాలి, అవసరమైతే మళ్ళీ కొత్తది రాయాలి. ఈ నియమం నాకు నోటికి వచ్చు, పిల్లలకు నేనే నేర్పాను. అయినా ఆ చీటీని తాళంకప్పలా వాడుకున్నాను. రెండేళ్ళపైన అది అక్కడే వేలాడింది. తేదీ వెలిసిపోయింది. నేను కూడా దూరం నుంచి చీటీ చూసి, అంతా క్షేమం అనుకుని వెళ్ళిపోయేదాన్ని. కాపీ అయినట్టు తెర మీద ఒక గీత వస్తుంది, అది చాలనుకున్నాను. ఒక్కసారైనా ఆ కాపీలోంచి ఒక గొంతు తెరిచి వినలేదు.

ఆ యేడు వానాకాలంలో మా చెల్లెలి ఆపరేషనుకని పదిహేను రోజులు సెలవు పెట్టి హైదరాబాదు వెళ్ళాను. తిరిగి వచ్చిన సోమవారం, ఇంకా సంచి కూడా దించకముందే, ఒక ట్రైనీ ఎదురై చెప్పాడు.

"మేడం, మీ సైటు ఓపెన్ అయితలేదు. వారం అయింది."

ఆ కంపెనీ మూతపడింది. ముందుగా ఉత్తరం పంపారట, నేను చూడడం మానేసిన పాత ఈమెయిలుకు. నేను ఏమాత్రం కంగారుపడలేదు. "పోతే పోనీ, నా దగ్గర బ్యాకప్పుంది," అన్నాను. ఆ మాట అనడంలో ఎంత గర్వపడ్డానో తలుచుకుంటే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

స్టోరు గది

తలుపు తీస్తే తడి వాసన. పైకప్పు పెచ్చు ఊడి, సరిగ్గా కంప్యూటరు ఉన్న చోట కారింది. డబ్బా మీద తుప్పు చారలు. దాని పైన, కిటికీ ఊచలకూ బీరువా పిడికీ తాళ్ళతో బిగించిన నీలం టార్పాలిన్, మావైపు తాటిపత్రి అంటారు, చిన్న పందిరిలాగా. తాటిపత్రి మీద పడ్డ నీళ్ళు ఒక బకెట్టులోకి జారేట్టు వాలుగా కట్టి ఉంది. దాని కింద ప్లగ్గుకు నా ఎర్ర చీటీ, తడిసి ఎండి వంకర తిరిగి, అలాగే ఉంది.

నర్సమ్మ నా వెనకే వచ్చి నిలబడింది.

"నేను ముట్టలే మేడం," అంది ముందుగా.

"ఎప్పుడు కారింది?"

"బుధవారం రాత్రి పడ్డట్టుంది వాన. బేస్తవారం పొద్దున నేను తలుపు తీస్తే దాని మీద ధార కారుతుండె. ఎలక్ట్రీషియన్‌కు చెప్పి బయట బోర్డుల కరెంటు బంద్ చేయించిన. స్టోర్‌కీపర్‌కు చెప్పిన. చీటీ ఉన్నది, మేడం వచ్చినంక చూద్దాం అన్నడు. మీ హైదరాబాదు నంబరు ఎవరి తాన లేదు. చీటీల పేరు మీది. మీరొచ్చి తియ్యాలె. గందుకే మీద కప్పిన."

"అందులో హనుమంతు గొంతుంది, నర్సమ్మా."

"ఎరుకనే మేడం." ఆమె తాటిపత్రి తాడు సరిచేసింది. "నాలుగు దినాలాయె, పొద్దుమాపు వచ్చి చూస్తున్న. ఎత్తి పక్కకు పెడితే అయిపోతుండె. నా చేతులు రాలే. గొట్టంల దిగిన పొద్దు ఆయన చీటీ ఎవలో ఒకలు తీసి ఉంటే, ఆయన ఆ పొద్దే పోతుండె. ఆయనతోని ఇంకో పదకొండేండ్లు ఆ చీటీనే నాకిచ్చింది. నేనెట్ల తీస్త?"

అబద్ధపు చీటీ కట్టింది నేను. దానికి కట్టుబడి, తన మొగుడి గొంతు మీద నీళ్ళు కారుతుంటే పందిరి వేసి కాపలా కాసింది ఆమె.

మధ్యాహ్నానికి ట్రైనింగు విభాగం కొత్త అధికారి వచ్చారు. మంచి పనివాడే, కాస్త తొందర మనిషి. పాఠాల ఫైళ్ళు పోయాయన్నది ఆయన బాధ. నర్సమ్మను పిలిచి, "నీరు బీళ్తా ఇత్తు, సుమ్నె నోడ్తా నింతిద్యా?" అని గద్దించారు. నీళ్ళు పడుతుంటే ఊరికే చూస్తూ నిలబడ్డావా అని. నిర్లక్ష్యం అని రాసి కాంట్రాక్టరుకు పంపిస్తానన్నారు. అంటే మరుసటి రోజు నుంచి ఆమెకు పని ఉండదు. నర్సమ్మ తల వంచుకుని నిలబడింది.

ఆ నిమిషంలో నా మనసులో ఏముందో దాచకుండా రాస్తాను. భద్రత మీద శాలువాలు కప్పించుకున్నదాన్ని. చీటీని దుర్వినియోగం చేశానని కాగితం మీద పెడితే పరువు పోతుంది. నోరు మూసుకుంటే సరిపోతుంది, అధికారి తప్పెవరిదో అప్పుడే తేల్చేశాడు. అలా ఒక్క క్షణం నిజంగానే అనుకున్నాను. అప్పుడు సుబ్బారావుగారు గుర్తొచ్చారు. కుర్చీలోంచి కదలకుండా, లోడు పోయినా, తిట్లు పడినా వక్కపొడి నములుతూ కూర్చున్న ఆ మనిషి.

"సార్, ఆ చీటీ నాది," అన్నాను. "తేదీ చూడండి. రెండేళ్ళ కిందట తీయాల్సింది. ఆమె ముట్టి ఉంటే తప్పయ్యేది. ముట్టలేదు కాబట్టి ఈ ప్లాంటులో నియమం పాటించింది ఆమె ఒక్కతే. రాయాలంటే నా పేరు రాయండి."

నేనే కాగితం తీసుకుని, జరిగింది మొత్తం రాసి, సంతకం చేసి ఇచ్చాను. నాకు ఒక మెమో వచ్చింది. నర్సమ్మ పని నిలిచింది. ఆ మెమో కూడా శాలువాల పక్కనే దాచుకున్నాను.

మహబూబ్ దుకాణం

డిస్కు విప్పి, చీరకొంగులో చుట్టుకుని, రాయచూరు బజారులో మహబూబ్ దగ్గరికి తీసుకెళ్ళాను. రేడియోల కాలం నుంచి మా వీధిలో రిపేరు చేసేవాడు. దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"అక్కా, నీళ్ళు లోపలికి జర్రంతనే పోయినయి. ఎవరో మీద కప్పినట్టున్నరు కదా?"

"అవును."

"మంచి అక్కల్‌మంద్, తెలివిగల మనిషి. కరెంటు కూడా బంద్ చేసిండ్రు. లేకుంటే ఖతం. కోషిష్ చేస్త, ఎనిమిది దినాలియ్యి."

ఎనిమిది రోజులు నేను అన్నం సరిగా తినలేదు. నలభై ఒక్క గొంతుల్లో ముప్పై రెండు దొరికాయి. తొమ్మిది పోయాయి. ఆ తొమ్మిది మందిలో బతికున్నవాళ్ళ దగ్గరికి వెళ్ళి మళ్ళీ చెప్పించుకున్నాను. ముదగల్ ఫిట్టరు ఒకాయన అప్పటికే లేడు. వాళ్ళింటికి వెళ్ళి, మీ నాన్న గొంతు నా చేతకానితనం వల్ల పోయింది అని చెప్పాను. కొడుకు నాకు మంచినీళ్ళిచ్చి, "పోనీండమ్మా, మీరన్నా అడిగి చెప్పించిండ్రు," అన్నాడు. తిట్టి ఉంటే తేలిగ్గా ఉండేది.

ముప్పై రెండులో హనుమంతు ఉన్నాడు.

నర్సమ్మను పిలిచాను. కొత్త కంప్యూటరులో పెట్టి, ఆమె కోసం ఎదురుచూస్తున్నాను. వచ్చి, గుమ్మంలోనే ఆగింది.

"ముందు ఆ గదిల చీటీ తియ్యండి మేడం. తర్వాత వింట."

నిజమే, ఇంకా తీయలేదు. ఇద్దరం స్టోరు గదికి వెళ్ళాం. నా చేత్తో దారం విప్పి, చీటీ తీసి, మీద అడ్డంగా గీత కొట్టి సంతకం చేశాను. అప్పుడు వచ్చి, మొదటిసారి కుర్చీలో కూర్చుంది.

హనుమంతు గొంతు వచ్చింది. గొట్టంలో చెమట, రేకు, సుత్తి. తరువాత, "నేను చాయ్ తాగుతున్ననని ఎవరో అన్నరంట. సుబ్బారావు సారు మాత్రం చీటీ తియ్యనియ్యలే..."

ఇది అప్పటికి వందసార్లు విన్నాను. ఆ 'ఎవరో' దగ్గరికి వచ్చేసరికి ప్రతిసారీ కిటికీ వైపు చూసేదాన్ని. ఈసారి చూడలేకపోయాను.

"నర్సమ్మా, ఆ మాట అన్నది నేనే."

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "ఎరుకనే మేడం. ఆయన ఆ పొద్దే చెప్పిండు. కొత్త పిల్ల, బెదిరిపోయింది, దాని పేరు ఎవరికి చెప్పొద్దన్నడు."

ఆ పూట ఇద్దరం చాలాసేపు ఏడ్చాం. ఎవరు ఎవర్ని ఓదార్చారో గుర్తు లేదు.

ఇప్పుడు చేసే పద్ధతి

పిల్లలూ, మీకు సైటు ఉంటే దాని కాపీ చేసుకోండి. పేజీలు మాత్రమే కాదు, వాటి వెనకుండే పట్టికలు కూడా. ఒకటి ఇంట్లో, ఒకటి వేరే ఊళ్ళో పెట్టండి. నాది ఒకటి మా చెల్లెలి దగ్గర హైదరాబాదులో ఉంది. సైటు ఉంచిన కంపెనీకి మీరు రోజూ చూసే ఈమెయిలు ఇవ్వండి. ఇవన్నీ మీకు నాకంటే బాగా తెలుసు. మీరు చేయనిది ఒకటుంది, నేను కూడా చేయనిది. ఆ కాపీని తెరిచి చూడడం. కాపీ అయినట్టు తెర మీద కనిపించింది అంటే, క్యాంటీన్ దగ్గర ఒక నల్ల మనిషి కనిపించాడు అన్నట్టే. సుబ్బారావుగారు ఉంటే, "వాణ్ణే రమ్మనండి," అనేవారు.

అందుకే ప్రతి నెలా మొదటి సోమవారం పొద్దున్నే నేను కాపీని తెరుస్తాను. సైటులోంచి కాదు, కాపీలోంచే. రిటైరయ్యాక కూడా మానలేదు. నర్సమ్మ కూడా పని మానేసి సిరవారలో కూతురి దగ్గర ఉంటోంది. ఆమెకు ఫోను చేసి, నా ఫోను స్పీకరు దగ్గర పెట్టి, హనుమంతు గొంతు నడిపిస్తాను. అటువైపు ట్రాక్టర్ల చప్పుడు, మనవరాళ్ళ గోల. ఆమె వాళ్ళను కసురుకుని, నాలుగు నిమిషాలూ వింటుంది. అయిపోయాక నేను అడుగుతాను, కాపీ బాగుందా నర్సమ్మా అని.

కిందటి సోమవారం కూడా అడిగాను. మనవరాళ్ళను ఇంకోసారి కసిరింది. తరువాత ఎప్పుడూ చెప్పే మాటే చెప్పింది.

"ఉన్నడు మేడం."